ఇంగ్లిష్ వాక్యం మీద సందేహం వస్తే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి: బెంగళూరు తెలుగువారి కోసం

బెంగళూరు ఆఫీసులో ఒక ఇంగ్లిష్ వాక్యం మీద అనుమానం వచ్చిందంటే ఎవరైనా ముందు చేసే పని పక్క కుర్చీలోని మనిషిని అడగడం. ఆ కుర్చీలో కన్నడిగుడో, తమిళుడో, మలయాళీయో ఉంటారు. వాక్యం చదివి "బాగానే ఉంది కదా" అంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. తెలుగులో మనం "ఆ విషయం గురించి చర్చించాం" అంటాం. కన్నడంలోనూ "బగ్గె" వేసి ఇదే వరుసలో చెబుతారు. అందుకే "డిస్కస్డ్ అబౌట్ ద ఇష్యూ" అన్నది మన చెవికి ఎంత సహజమో వాళ్ల చెవికీ అంతే సహజం, నిజానికి ఇంగ్లిష్‌లో అక్కడ "అబౌట్" రాకూడదు. "నిన్ననే వచ్చాను" అనుకుని మనం "ఐ కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ" అంటే, ఇంట్లో కన్నడంలో "నిన్నెయే" అనే మిత్రుడికి అందులో తేడా ఎందుకు తోస్తుంది? మన నాలుగు భాషలూ ఒకే కుటుంబానివి కాబట్టి తప్పులూ ఉమ్మడి ఆస్తే. నలుగురు సహోద్యోగులు తలూపినంత మాత్రాన ఆ వాక్యానికి సాక్ష్యం దొరికినట్టు కాదు.

అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదివి ఇక్కడ ఉద్యోగంలో చేరినవారికే ఈ ఇబ్బంది అనుకోవద్దు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినవారిదీ ఇదే పరిస్థితి. వాళ్లు అనర్గళంగా మాట్లాడతారు, ఎందుకని అడిగితే చెప్పలేరు. కాబట్టి సందేహాన్ని సరైన మనిషి దగ్గరికి, సరైన రూపంలో తీసుకెళ్లడం అందరూ నేర్చుకోవలసిన పనే.

ముందు అది ఏ రకం సందేహమో తేల్చుకోండి

ఇంగ్లిష్ మీద వచ్చే ప్రతి సందేహమూ వ్యాకరణ సందేహం కాదు. ఇది తెలియకపోవడం వల్లే చాలామంది తప్పు మనిషిని అడిగి, తప్పు సమాధానంతో తిరిగి వస్తారు.

కొన్ని నిజంగా నియమానికి సంబంధించినవి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" తర్వాత "ఈజ్" రావాలా, "ఆర్" రావాలా? దీనికి జవాబు ఒక్కటే, "ఈజ్". ఏ మంచి వ్యాకరణ పుస్తకమైనా, పాఠం చెప్పే మాస్టారైనా ఒక్క నిమిషంలో తేలుస్తారు.

కొన్ని ఏ మాట పక్కన ఏ మాట కుదురుతుందన్న ప్రశ్నలు. "మ్యారీడ్" పక్కన "టు" వస్తుందా, "విత్" వస్తుందా? ఇక్కడ సూత్రం వెతికి లాభం లేదు. ఆ భాషవాళ్లు "టు" అంటారు, అంతే. దీనికి నిఘంటువును మించిన నిపుణుడు లేడు.

మూడో రకం సందర్భానికి సంబంధించినది. "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" అన్న వాక్యాన్ని ఎంత గట్టి వ్యాకరణవేత్తకు చూపించినా దోషం పట్టలేడు, ఎందుకంటే అందులో దోషం లేదు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్లూ వాడిన మాటే. వాళ్లు దాదాపుగా వదిలేశారు, మన కార్యాలయాల్లో నిలిచిపోయింది. పక్క విభాగానికి రాస్తే ఎవరూ పట్టించుకోరు. లండన్‌లోని కొత్త ఖాతాదారుకు రాస్తే పాతకాలపు సర్కారు ఉత్తరంలా అనిపిస్తుంది. ఏం చేయాలో చెప్పలేదు కాబట్టి చిరాకూ కలగవచ్చు. ఈ రకం ప్రశ్నను సంపాదకులను అడగాలి, లేదా ఆ ఉత్తరం చదవబోయేవారిలాంటి మనిషిని అడగాలి.

నాలుగోది సంస్థ ఇంటి పద్ధతి. "ఆర్గనైజ్" అన్న మాటను ఎస్‌తో రాయాలా, జెడ్‌తో రాయాలా. "డేటా" ఏకవచనమా, బహువచనమా. జాబితాలో చివరి "అండ్" ముందు కామా ఉండాలా. వీటిలో రెండు పద్ధతులూ ఒప్పే. మీ సంస్థకు శైలి పత్రం ఉంటే అందులో చూసుకోండి, లేకపోతే ఒకటి ఎంచుకుని పత్రం చివరిదాకా దానికే కట్టుబడండి. ఇలాంటి దానికి పండితుణ్ని కదిపితే గంటసేపు ప్రసంగం వినవలసి వస్తుంది, పత్రం మాత్రం అంగుళం కదలదు.

వాక్యం మొత్తం పట్టుకెళ్లండి

"సార్, సిన్స్ కరెక్టా, ఫర్ కరెక్టా?" ఎక్కువమంది అడిగే తీరు ఇదే. రవికె చెయ్యి ఒక్కటే దర్జీకిచ్చి నాకు సరిపోతుందా అని అడగడం లాంటిది ఇది. సమాధానం దొరుకుతుంది గానీ పనికిరాదు.

ఎందుకో ఒక వాక్యం మీదే చూద్దాం. "మూడేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అన్న భావాన్ని మనలో చాలామంది "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" అని రాస్తారు. ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి "సిన్స్". తెలుగులో "2021 నుంచి" అన్నా, "మూడేళ్ల నుంచి" అన్నా ఒకే "నుంచి" సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మొదలైన సమయం చెబితే "సిన్స్", గడిచిన కాలం లెక్క చెబితే "ఫర్". రెండోది క్రియ. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి తెలుగులో "పనిచేస్తున్నాను" చాలు, ఇంగ్లిష్‌లో "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి.

ఇప్పుడు "సిన్సా, ఫరా" అని మాత్రమే అడిగారనుకోండి. మాస్టారు "మూడేళ్లంటే ఫర్" అంటారు. మీరు సంతోషంగా వెళ్లి "ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్" అని దిద్దుతారు. ఇది మొదటిదానికన్నా ప్రమాదం. మొదటి వాక్యంలో తప్పున్నా అర్థం తెలిసిపోయేది. ఈ కొత్త వాక్యాన్ని, మొత్తం మూడేళ్లకు ఒప్పుకుని వచ్చాను, ఆ తర్వాత వెళ్లిపోతాను అని కూడా చదువుకోవచ్చు. జీతం పెంచమని రాసే ఉత్తరంలో ఈ అర్థం వస్తే ఏమవుతుందో ఆలోచించండి. పూర్తి వాక్యం చూపించి ఉంటే మాస్టారి కన్ను రెండో తప్పు మీద పడకుండా ఉండదు.

కాబట్టి ప్రశ్న రాసేటప్పుడు వాక్యాన్ని ముక్క చేయకుండా ఇవ్వండి, దాని ముందు వాక్యం, వెనక వాక్యం కూడా జతచేయండి. ఎవరు ఎవరికి రాస్తున్నారో, అది ఈమెయిలో, వీసా దరఖాస్తుకు జతచేసే లేఖో, పరిశోధన వ్యాసమో చెప్పండి. మీరు చెప్పదలచుకున్నది తెలుగులో ఒక్క ముక్క రాయండి. తెలుగు తెలిసిన నిపుణుడికి దీన్ని మించిన ఆధారం లేదు. తెలియని నిపుణుడైతే ఆ భావాన్ని వేరే మాటల్లో వివరించండి. మీకు తోచిన రెండు రూపాలూ రాసి దేని మీద అనుమానమో, ఎందుకో కూడా చెప్పండి. ఇలా రాస్తుండగానే సగం ప్రశ్నలకు జవాబు దొరికిపోతుంది, మిగతా సగాన్నే పట్టుకెళ్లండి.

నిఘంటువును ఆరో తరగతిలో వదిలేసిన చోట నుంచి మళ్లీ అందుకోండి

మనలో చాలామంది నిఘంటువును అర్థాల కోసమే తెరుస్తాం. నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువుల్లో అర్థం ఒక పాలు మాత్రమే. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్, లాంగ్‌మన్ కాంటెంపరరీ, కేంబ్రిడ్జ్, కాలిన్స్ కోబిల్డ్ నాలుగూ ఫోనులో ఉచితంగా చూసుకోవచ్చు. మాతృభాషగా ఇంగ్లిష్ మాట్లాడేవారి కోసం చేసిన పెద్ద నిఘంటువుల్లో అంత సులువుగా దొరకని సంగతులు వీటిలో ఉంటాయి: ఆ క్రియ తర్వాత ఏ ప్రిపొజిషన్ వస్తుంది, ఆ నామవాచకానికి బహువచనం ఉందా, ఆ మాట ఏ దేశానిది, మర్యాదైనదా, మొరటుదా.

ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్‌లో "డిస్కస్" తెరిచి చూడండి. "డిస్కస్ అబౌట్" అనకూడదని అక్కడ ప్రత్యేకంగా ఒక గమనికే రాశారు. ఆఫీసులో అరగంట వాదించుకున్న సంగతి అక్కడ ఒక్క వాక్యంలో తేలిపోతుంది. "సాఫ్ట్‌వేర్", "ఫీడ్‌బ్యాక్", "ఎక్విప్‌మెంట్", "ఇన్ఫర్మేషన్", "అడ్వైస్" పక్కన "అన్‌కౌంటబుల్" అన్న గుర్తు కనిపిస్తుంది. అంటే వాటి చివర ఎస్ తగిలించకూడదు. సాఫ్ట్‌వేర్ మీదే బతికే నగరంలో "సాఫ్ట్‌వేర్స్" అన్న మాట ఎన్ని బయోడేటాల్లో ఉంటుందో చెప్పనక్కరలేదు. "ప్రీపోన్" కోసం వెతకండి. ఉంది, పక్కన భారతీయ ఇంగ్లిష్ అన్న గుర్తుతో. ఇది తప్పు మాట కాదు, మన దేశంలో పుష్కలంగా చెల్లుతుంది. అమెరికా మనిషికి రాసేటప్పుడు మాత్రం "మీటింగ్‌ను అనుకున్న సమయానికన్నా ముందుకు జరిపాం" అన్న అర్థం వచ్చేలా వివరంగా రాయండి. ఆ ఒక్క గుర్తు చూస్తే ఈ నిర్ణయం మీరే తీసుకోగలరు.

కోబిల్డ్‌కు ఇంకో సుగుణం ఉంది. 1987లో తొలిసారి వచ్చినప్పటి నుంచీ అందులో అర్థాలను పూర్తి వాక్యాల్లో చెబుతారు. అర్థం చదువుతుండగానే ఆ మాటను వాక్యంలో ఎలా కూర్చాలో తెలుస్తుంది. నిఘంటువు భాష కరకుగా అనిపించేవారు దీనితో మొదలుపెట్టవచ్చు.

నిఘంటువు కూడా తేల్చకపోతే వాడుకను చూపించే పాఠ సేకరణలున్నాయి, వీటిని కార్పస్ అంటారు. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో 10 కోట్ల మాటలు, అమెరికన్ ఇంగ్లిష్ కార్పస్‌లో 100 కోట్లకు పైగా మాటలు ఉన్నాయి. 20 దేశాల వెబ్ పాఠాలతో చేసిన గ్లోబ్ (GloWbE) అనే మరో సేకరణ భారతదేశపు వాడుకనూ, బ్రిటన్ వాడుకనూ పక్కపక్కన చూపిస్తుంది. మన వాక్యం మన దేశంలోనే చెల్లుతుందా, బయట కూడా చెల్లుతుందా అన్నది తెలుసుకోవడానికి ఇది చక్కని దారి. కాకపోతే అంకె చూసి మోసపోవద్దు. "డిస్కస్ అబౌట్" అని వెతికితే "డిస్కస్ అబౌట్ ట్వెంటీ కేసెస్" లాంటి వాక్యాలూ లెక్కలో పడతాయి. అక్కడ "అబౌట్" అంటే "సుమారు", అది ఒప్పే. వాక్యాలు చదవాలి, లెక్కపెడితే సరిపోదు.

బెంగళూరులో మనుషులు ఎక్కడ దొరుకుతారు

ఇంగ్లిష్ అధ్యాపకులందరూ వ్యాకరణ నిపుణులు కారని ముందే చెప్పాలి. షేక్‌స్పియర్ మీద పరిశోధన చేసిన ప్రొఫెసరు మంచి పాఠకుడు కావచ్చు, ఆర్టికల్స్ (ఎ, యాన్, ద) గురించి అడిగితే "చెవికి ఇలా వినిపిస్తుంది" అనే అనవచ్చు. మీకు కావలసినది భాషాశాస్త్రమో, ఇంగ్లిష్ బోధనో చదివినవారు. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఇంగ్లిష్ బోధన డిప్లొమా చేసినవారు ఈ నగరంలోనూ ఉన్నారు. కేంబ్రిడ్జ్ ఇచ్చే సెల్టా పత్రం ఉన్నవారు కూడా ఇలాంటి ప్రశ్నలను వివరించడంలో తరిఫీదు పొందినవారే. బెంగళూరులోనే జ్ఞానభారతి ఆవరణలో రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఉంది. 1963 నాటి ఈ సంస్థ దక్షిణాది రాష్ట్రాల పాఠశాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంది. అది ఉపాధ్యాయుల కోసం ఏర్పడిన సంస్థ, మనం నేరుగా వెళ్లి ఈమెయిల్ దిద్దించుకునే చోటు కాదు. కానీ అక్కడ శిక్షణ పొందిన మాస్టారో, టీచరమ్మో మీ వీధిలోనే, లేదా మీ సొంతూరి హైస్కూల్లోనే ఉండవచ్చు. విచారించి చూడండి. తెలుగు తెలిసి, బోధన తెలిసినవారు దొరికితే మీ అదృష్టం. మీ తప్పు ఎక్కడ పుట్టిందో వాళ్లు వెంటనే పట్టేస్తారు.

విశ్రాంత లెక్చరర్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోనులో ముందు అనుమతి అడగండి. "నమస్కారం మేడం, ఒక వాక్యం మీద సందేహం ఉంది, మీకు వీలున్నప్పుడు పది నిమిషాలు మాట్లాడవచ్చా" అంటే కాదనేవారు అరుదు. ఒకసారి రెండు ప్రశ్నలకు మించవద్దు. పదిహేను పేజీల ప్రాజెక్టు నివేదిక పంపించి "ఒకసారి చూడండి మేడం" అనడం సందేహం అడగడం కాదు, ఉచితంగా పని చేయించుకోవడం. దానికి సంపాదకులున్నారు, డబ్బిచ్చి చేయించుకోవాలి. ఇచ్చేముందు ఒక పేజీ నమూనాగా దిద్ది పంపమనండి. మార్పులు కనిపించేలా, ముఖ్యమైన చోట్ల కారణం రాసి పంపేవారిని ఎంచుకోండి. మొత్తం తిరగరాసి శుభ్రమైన ప్రతి మాత్రమే ఇచ్చేవారి వల్ల పత్రం బాగుపడుతుందేమో గానీ మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు. మీ అర్థం మారిపోయినా మీకు తెలియదు.

పుస్తకాలు చేతిలో పట్టుకుని చూడాలంటే కబ్బన్ పార్కులోని ఎర్రరంగు గ్రంథాలయం ఉంది, బసవనగుడిలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్ గ్రంథాలయం ఉంది. కొనాలంటే చర్చ్ స్ట్రీట్, అవెన్యూ రోడ్‌లలో పాత పుస్తకాలు దొరుకుతాయి. వ్యాకరణం పాత పుస్తకమైనా ఫరవాలేదు, వాడుక మీద పుస్తకం మాత్రం కొత్త ముద్రణ కొనండి.

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న సహోద్యోగులు విదేశీ కార్యాలయంలో ఉంటే వాళ్లనూ వాడుకోవచ్చు, అయితే అడిగే తీరు వేరు. "ఇది కరెక్టేనా?" అని అడిగితే మొహమాటానికి "ఫైన్" అనేస్తారు. "ఇదే సంగతి నువ్వైతే ఎలా రాస్తావు?" అని అడగండి. వాళ్లు రాసినదాన్ని మీ వాక్యం పక్కన పెట్టి తేడా చూడండి. ఉదాహరణకు శుక్రవారం లోపు నివేదిక పంపుతానని మీరు "ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టిల్ ఫ్రైడే" అని రాశారనుకోండి. వాళ్లు "బై ఫ్రైడే" అని రాస్తారు. "టిల్" అంటే శుక్రవారం దాకా పంపుతూనే ఉంటానని. "బిఫోర్ ఫ్రైడే" అంటే గురువారానికే అందాలని పట్టుబట్టేవారూ ఉంటారు. ఈ తేడా ఎందుకో వాళ్లు చెప్పలేకపోవచ్చు. ఆ కారణం మీ మాస్టారు చెబుతారు.

నిపుణుణ్ని మీరూ పరీక్షించండి

మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ లాంటి చోట్ల స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులకు కొదవ లేదు. డబ్బు కట్టేముందు ఒక ప్రశ్న అడిగి చూడండి: వాక్యం చివర ప్రిపొజిషన్ రావచ్చా? "ఎప్పటికీ రాకూడదు" అన్నారంటే నమస్కారం పెట్టి బయటికి రండి. ఈ అభ్యంతరం 17వ శతాబ్దంలో డ్రైడన్ అనే కవి లేవదీసినది, లాటిన్ పద్ధతిని ఇంగ్లిష్ మీద రుద్దే ధోరణిలో బలపడింది. "హూ ఆర్ యూ టాకింగ్ టు" అని ఆ భాషవాళ్లు ఎప్పటి నుంచో అంటూనే ఉన్నారు. అసలైన నిపుణుడు ఇలాంటి ప్రశ్న వినగానే "ఎక్కడ రాస్తున్నారు?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. నియమానికీ, తన ఇష్టానికీ మధ్య గీత గీస్తాడు. రెండు ఉదాహరణలు చెబుతాడు. అవసరమైతే మీ ముందే నిఘంటువు తెరుస్తాడు. తెరవడానికి నామోషీ పడేవాడి దగ్గర నేర్చుకునేది తక్కువ.

కృత్రిమ మేధ సహాయకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. తొలి వడపోతకు బాగానే పనికొస్తాయి. కానీ వాటి సమాధానాన్ని మీరు గట్టిగా కాదంటే చాలాసార్లు మీ వైపే తిరిగిపోతాయి, ఇది నిపుణుడి లక్షణం కాదు. దిద్దిన వాక్యంతో పాటు కారణం అడగండి, ఆ కారణాన్ని నిఘంటువులో సరిచూసుకోండి. ఖాతాదారుల ఉత్తరాలను, సంస్థ పత్రాలను అనుమతి లేకుండా వాటిలో అతికించవద్దు. పేర్లు, అంకెలు తీసేసి వాక్యం మాత్రమే ఇవ్వండి.

ఇద్దరు నిపుణులు రెండు మాటలు చెబితే

కంగారు పడకండి, తరచుగా ఇద్దరిదీ ఒప్పే అవుతుంది. "ద టీమ్ ఆర్" అని బ్రిటన్‌లో రాస్తారు, అమెరికాలో "ఈజ్" వైపే మొగ్గుతారు. "డిఫరెంట్ టు" బ్రిటన్‌లో వినిపిస్తుంది, "డిఫరెంట్ దాన్" అమెరికాలో. "డిఫరెంట్ ఫ్రమ్" రెండు చోట్లా చెల్లుతుంది. అందరికీ ఆమోదమైన రూపం ఒకటి ఉంటే అదే రాసేయడం తెలివైన పని. అలాంటిది లేనప్పుడు చదివేవారి దేశాన్ని బట్టి ఎంచుకోండి. వాదన తెగకపోతే వాక్యాన్నే మార్చేయండి. ఆ హక్కు ఎప్పుడూ మీదే.

దొరికిన జవాబును ఒక చోట రాసుకోండి: మీరు రాసిన వాక్యం, దిద్దిన వాక్యం, కారణం ఒక్క ముక్కలో. కొన్నాళ్లకు చూస్తే మీ తప్పులు వందల్లో లేవనీ, అవే తిరిగి తిరిగి వస్తున్నాయనీ తెలుస్తుంది. ఆర్టికల్స్, "సిన్స్", "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" లాంటివి తెలుగువారి పట్టికల్లో తప్పక కనిపిస్తాయి. ముఖ్యమైన ఉత్తరం పంపేముందు ఆ పట్టికతో ఒకసారి పోల్చుకోండి.

పిల్లల నోటుపుస్తకం విషయంలో

ఇది ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే సంగతి. పిల్లవాడు రాసిన ఒప్పు వాక్యాన్ని టీచరు కొట్టేశారు, లేదా తప్పును ఒప్పుగా దిద్దారు. ముందు నిఘంటువులో, వ్యాకరణ పుస్తకంలో చూసి మీరు నిర్ధారించుకోండి. పరీక్షకు పాఠ్యపుస్తకం ఏ రూపం అడుగుతోందో కూడా చూడండి. కొన్నిసార్లు టీచరు ఆ పాఠంలో నేర్పిన రూపాన్నే రాయమంటున్నారేమో. అప్పటికీ అనుమానం తీరకపోతే నిఘంటువు పేజీని ఫోనులో పెట్టుకుని, పిల్లవాడు పక్కన లేనప్పుడు వెళ్లి "మేడం, ఈ వాక్యం నిఘంటువులో ఇలా ఉంది, మీరు వేరే కారణంతో దిద్దారా?" అని అడగండి. పది మంది తల్లిదండ్రులున్న వాట్సాప్ బృందంలో ఆ పేజీ ఫొటో పెట్టవద్దు. అక్కడ పెడితే టీచరు తన మాట నిలబెట్టుకోవడానికే చూస్తారు. విడిగా చూపిస్తే వచ్చే వారం తరగతిలో దిద్దుకునే వీలు ఆవిడకు ఉంటుంది.